రగ్బీ బంతి వెనుక రాజాం పెట్టుబడి

రాజాం: 2025 జూన్ 15 నుంచి 29 వరకు ముంబయి నగరం అంధేరీ క్రీడా ప్రాంగణంలో రగ్బీ అనే ఆటకు పోటీలు జరిగాయి. ఆరు జట్లు తలపడ్డాయి. వాటిలో ఒకదాని పేరు హైదరాబాద్ హీరోస్. చివరి ఆటలో చెన్నై బుల్స్ జట్టు ఢిల్లీ రెడ్జ్ జట్టును 41-0తో చిత్తు చేసి కప్పు పట్టుకుపోయింది. మన దేశంలో రగ్బీకి ఇటువంటి లీగు జరగడం అదే మొదలు.

ఇందులో మన ప్రాంతానికేమిటి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. ఆ పోటీల పేరుకు ముందు జి.ఎం.ఆర్. అనే మూడక్షరాలున్నాయి. రాజాం సంతకు వచ్చే ఏ రైతుకైనా ఆ మూడక్షరాలు చెప్పనక్కరలేదు. గ్రంథి మల్లికార్జునరావు ఈ ఊరివారే. గోగునార, జనపనార మిల్లుతో మొదలైన వ్యాపారం విద్యుత్తు, రోడ్లు, విమానాశ్రయాల దాకా ఎదిగింది. భోగాపురం విమానాశ్రయం కట్టే బాధ్యత తీసుకున్నదీ ఆ సంస్థే. 1997లో రాజాంలో ఇంజనీరింగు కళాశాల పెట్టింది కూడా వారే. 2022 ఏప్రిల్ 4 వరకు రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. జిల్లాల విభజనతో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. కనుక రెండు జిల్లాలవారూ మావాడంటే మావాడని చెప్పుకోవచ్చు.

అయితే ఎవరి పేరు ఎక్కడ రాశారన్నది కాదు ఇక్కడి ప్రశ్న. ఒక ఆటను దేశమంతా నడిపించే సంఘానికి సొమ్ము ఎక్కడినుంచి వస్తుంది? ఆ సొమ్ము ఎటు పోతుంది? ఊళ్ళో ఆడే కుర్రాడి దాకా అందులో ఎంత వస్తుంది? రగ్బీ కథ చెబితే మన బరువులెత్తే పిల్లల కథ, కబడ్డీ కథ కూడా తేటపడతాయి.

కొబ్బరికాయ లాంటి బంతి

ముందు ఆట ఏమిటో చెప్పుకుందాం. రగ్బీ బంతి గుండ్రంగా ఉండదు. ఉద్దానంలో డొక్క తీయని కొబ్బరికాయ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాన్ని చేతబట్టుకుని అవతలి గీత దాటి నేలకు ఆనించాలి. అలా ఆనిస్తే 5 పాయింట్లు. దాన్ని 'ట్రై' అంటారు. ఆ వెంటనే బంతిని స్తంభాల మధ్యగా తన్నితే మరి 2. ఒక చిక్కున్నది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. బంతి ఉన్నవాణ్ణి నడుం పట్టి పడగొట్టవచ్చు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టిన చేతులకు ఈ పట్టు కొత్తేమీ కాదు.

అసలు ఆట పదిహేనుమందిది, 80 నిమిషాలది. ఏడుగురితో 14 నిమిషాల్లో ముగిసేది మరొక రకం. ఈ ఏడుగురి ఆటనే 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఆడుతున్నారు. ఆ ఏడు రియోలో బంగారు పతకం గెలిచింది ఏ ధనిక దేశమో కాదు. పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవులు. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్ళను కూడా ఓడలెక్కించి తీసుకుపోయిన ఫిజీయే అది.

జూన్‌లో ముంబయిలో ఆడింది కూడా ఏడుగురి ఆటే. కాని దాన్ని 16 నిమిషాలు చేసి, నాలుగేసి నిమిషాల నాలుగు ముక్కలుగా కోశారు. ముక్కకూ ముక్కకూ మధ్య విరామం. ఆటగాళ్ళ ఆయాసం తీరడానికని చెప్పవచ్చు. టెలివిజనులో ప్రకటనలు వేసుకోవడానికి వీలన్నది ఈ రచయిత అనుమానం.

వెండి రూపాయలు కరిగించి కప్పు

రగ్బీ సంఘాల జమాఖర్చుల చరిత్రలో తొలి పేజీల్లోనే మన దేశం ఉన్నదంటే ఆశ్చర్యమే. 1872 క్రిస్మసు రోజున కలకత్తాలోని తెల్లదొరలు రగ్బీ ఆడారు. మరుసటి ఏడు ఒక క్లబ్బు పెట్టారు. మొదట్లో సభ్యులకు క్లబ్బులో మందు ఉచితం. సభ్యులు కుప్పలుగా చేరారు. ఉచితం ఆపేసేసరికి ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలినవాళ్ళు ఎండలకు తాళలేక పోలో, టెన్నిసులవైపు మళ్ళారు.

క్లబ్బు మూసేశారు. బ్యాంకులో కొంత సొమ్ము మిగిలింది. ఏం చేయాలి? ఆ వెండి రూపాయలు తీసి, 270 నాణేలు కరిగించి ఒక కప్పు చేయించారు. మూత మీద ఏనుగు, పట్టుకునే పిడులు మూడు పడగెత్తిన పాములు. దాన్ని 1878లో ఇంగ్లండు రగ్బీ సంఘానికి ఇచ్చేశారు. 1879 నుంచి నేటి వరకు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆ కలకత్తా కప్పు కోసమే ఆడుతున్నాయి. క్లబ్బు పోయినా దాని సొమ్ము దుబారా కాకుండా నిలిచింది. చవితి పందిరి లెక్కలు తేల్చలేక ఏళ్ళతరబడి వాదులాడుకునే మన ఊరి కమిటీలు ఇది వినదగినది.

మామిడి కాపు లాంటి రాబడి

ఇప్పుడు ఇంగ్లండు సంగతి. రగ్బీ పుట్టిన దేశం. ఆ సంఘం 1907లో లండను శివారు ట్వికెన్‌హామ్‌లో కూరగాయలు పండించే తోట ఒకటి కొన్నది. ధర 5,572 పౌన్ల చిల్లర. క్యాబేజీ మళ్ళు కొన్నారని జనం నవ్వారు. నేడు అక్కడ 82 వేలమంది కూర్చునే స్టేడియం ఉన్నది. సొంత నేల కాబట్టి టిక్కెట్ల సొమ్ము, తినుబండారాల సొమ్ము సంఘానికే చేరుతుంది. ముందుచూపు అంటే అదీ.

అటువంటి సంఘానికి కూడా 2023-24 సంవత్సరంలో 3 కోట్ల 79 లక్షల పౌన్ల నిర్వహణ నష్టం వచ్చింది. మన లెక్కలో నాలుగు వందల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ సంఘం చరిత్రలో అంత నష్టం ఎన్నడూ లేదు. కారణమేమిటని అడిగితే వారి జవాబు కొంతవరకు సబబుగానే ఉన్నది. ప్రపంచకప్పు జరిగే ఏడు శరదృతువులో పెద్ద ఆటలు సొంత మైదానంలో ఉండవు. ఆ ఏడు రాబడి పడిపోతుంది. మిగతా మూడేళ్ళు మిగిల్చినది ఆ ఏడు తినాలి. మామిడి తోట ఉన్న రైతుకు ఈ లెక్క తెలుసు. కాపు కాసిన ఏడు అప్పు తీర్చి, కొంత దాచి, కాపు లేని ఏడు గడుపుతాడు. కనుక రగ్బీ సంఘం లెక్కలు ఒక్క ఏడుతో చూడరాదు, నాలుగేళ్ళు కలిపి చూడాలి.

సబబు కానిది మరొకటి జరిగింది. నష్టం వచ్చిన ఆ ఏడే, 42 ఉద్యోగాలకు కోతపెట్టిన సంఘంలోనే, ముఖ్య కార్యనిర్వాహకుడు బిల్ స్వీనీకి జీతం, ప్రోత్సాహకం కలిపి 11 లక్షల పౌన్లు ముట్టాయి. పల్లెల క్లబ్బులు భగ్గుమన్నాయి. మా మైదానాలకు దీపాలు లేవు, మీకింత జీతమా అన్నట్టుగా సంతకాలు సేకరించి ప్రత్యేక సమావేశం పెట్టించాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న టామ్ ఇలూబ్ 2024 డిసెంబరులో తప్పుకున్నారు. 2025 మార్చి సమావేశంలో అవిశ్వాస తీర్మానం వీగిపోయింది. 206 ఓట్లు అనుకూలం, 466 వ్యతిరేకం. ఓడినా ఓటు వేసే హక్కు చిన్న క్లబ్బులకు ఉన్నది. మన దేశంలో ఏ క్రీడాసంఘంలో ఊరి క్లబ్బుకు అంతటి గొంతు ఉన్నదో పాఠకులే ఆలోచించాలి.

ఇక పై స్థాయి క్లబ్బుల పాట్లు వేరు. వూస్టర్, వాస్ప్స్ అనే రెండు పేరుమోసిన క్లబ్బులు 2022లో అప్పులపాలై పోటీలనుంచి తప్పుకున్నాయి. మరుసటి ఏడు లండన్ ఐరిష్ అదే దారి పట్టింది. ఆటగాళ్ళకు జీతాలు పెంచుకుంటూ పోయారు, గేటు రాబడి పెరగలేదు. పక్కనున్న వేల్స్ దేశం నాలుగు వృత్తి జట్లను సాకలేక 2025లో మూడింటికి తగ్గించుకోవాలని నిర్ణయించింది. ఏ ఊరి జట్టు పోవాలన్నది అక్కడ తగవు.

అప్పు చేసి, అమ్ముకుని

ఇతర దేశాలు వేరువేరు దారులు తొక్కాయి. న్యూజీలండు సంఘం 2022లో తన వ్యాపార విభాగంలో కొద్ది వాటాను సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మి 20 కోట్ల న్యూజీలండు డాలర్లు తెచ్చుకున్నది. చేలో పంట కొంత ముందే అమ్ముకోవడం వంటిది. చేతికి సొమ్ము వచ్చింది, కాని ఇకమీదట ప్రతి పంటలో ఒకడికి వాటా ఉంటుంది. ఆ పనికి ముందు ఆటగాళ్ళ సంఘమే అడ్డుతగిలిందని గమనించాలి.

ఆస్ట్రేలియా అమ్మలేదు, అప్పు తెచ్చింది. 2024లో 3 కోట్ల 68 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల లోటు చూపింది. అయినా ధైర్యం ఏమిటంటే రానున్న కాపు. బ్రిటిష్ లయన్స్ జట్టు పన్నెండేళ్ళకొకసారి ఆ దేశం వస్తుంది. 2025లో వచ్చింది. స్టేడియాలు నిండాయి. 2027 పురుషుల ప్రపంచకప్పు కూడా అక్కడే. వచ్చే రాబడిని చూసి చేసే అప్పు తప్పుకాదు గాని, వాన కురవకపోతే ఏమిటన్నది ముందే రాసుకోవాలి.

అమెరికా సంఘం అది రాసుకోలేదు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడుగురి ఆట ప్రపంచకప్పు జరిగింది. దాని లెక్కలు వాళ్ళను గట్టెక్కించలేదు. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆటలు ఆగేసరికి కోర్టులో దివాలా పిటిషను వేసుకున్నది. ప్రపంచ రగ్బీ సంఘం చేయందిస్తే లేచింది. చిత్రమేమిటంటే 2031 పురుషుల ప్రపంచకప్పు, 2033 మహిళల ప్రపంచకప్పు నిర్వహించే అవకాశం 2022లో ఆ దేశానికే ఇచ్చారు. దివాలా తీసినవాడికి పెళ్ళిపెద్దరికం అప్పగించినట్టున్నది. అయితే ప్రపంచ సంఘం చూపు సంఘం మీద కాదు, అమెరికా జనం జేబు మీద.

మన దేశం లెక్క

మన దేశంలో జాతీయ రగ్బీ సంఘం 1998లో ఏర్పడింది. ఆ ఏడే సింగపూరుతో తొలి అంతర్జాతీయ ఆట ఆడారు. సినిమా నటుడు రాహుల్ బోస్ ఆ జట్టులో ఆడినవాడే. 2025 లీగు నాటికి సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. 2019 జూన్‌లో మన మహిళల జట్టు మనీలాలో సింగపూరును 21-19తో ఓడించింది. పదిహేనుమంది ఆటలో మన ఆడపిల్లలకు అదే తొలి గెలుపు.

ఈ సంఘానికి స్టేడియం లేదు, టిక్కెట్ల రాబడి లేదు. రాబడికి ఉన్న దారులు నాలుగే. ప్రపంచ సంఘం, ఆసియా సంఘం ఇచ్చేది. కేంద్ర క్రీడల శాఖ ఇచ్చేది. ఏదైనా రాష్ట్రం ఆదరించి ఇచ్చేది. కంపెనీలు ఇచ్చేది. క్రీడల శాఖ సొమ్ము కావాలంటే సంఘం ప్రతి ఏడూ శిక్షణ శిబిరాలెన్ని, పోటీలెన్ని, ఎవరెవరిని ఎక్కడికి పంపాలి అని వార్షిక క్యాలెండరు వేసి ఖర్చు చూపాలి. ఒలింపిక్స్‌లో ఉన్న ఆటకు ఆ తలుపు కాస్త వెడల్పుగా తెరుచుకుంటుంది. 2009లో ఒలింపిక్ సంఘం రగ్బీని తీసుకోవాలని నిర్ణయించినప్పటినుంచి ఏడుగురి ఆటకు మన దేశంలో ఊపు వచ్చింది అందుకే. పైగా పదిహేనుమందిని విమానం ఎక్కించే ఖర్చు కంటే ఏడుగురిది తక్కువ.

రాష్ట్రాల ఆదరణ మాటకొస్తే ఇచ్ఛాపురం దాటి చూడాలి. భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక విజ్ఞాన సంస్థలో గిరిజన పిల్లలు చదువుతారు. అక్కడి బాలుర జట్టు 2007లో లండను వెళ్ళి పద్నాలుగేళ్ళలోపు వారి పోటీ గెలుచుకు వచ్చింది. అప్పటినుంచి జాతీయ మహిళా జట్టులో ఒడిశా అమ్మాయిలు కనబడుతూనే ఉన్నారు. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి జాతీయ హాకీ జట్లకు పోషకురాలైన సంగతి అందరికీ తెలుసు. రగ్బీకీ చేయందించింది. బీహారు కూడా 2025 ఆగస్టులో రాజ్‌గిర్‌లో ఇరవై ఏళ్ళలోపు వారి ఆసియా పోటీలు నిర్వహించింది. మన అమ్మాయిలకు కాంస్యం దక్కింది.

సీతంపేట, పార్వతీపురం ఐ.టి.డి.ఎ. ఆశ్రమ పాఠశాలల్లోని సవర, జాతాపు పిల్లలు ఒడిశా పిల్లలకు ఏ విధంగా తీసిపోతారు? కొండ ఎక్కి దిగే కాళ్ళు వాళ్ళవీ ఉన్నాయి. అక్కడ ఒక మైదానం, ఒక కోచ్, నాలుగు బంతులు ఉన్నాయి. ఇక్కడ లేవు. పెట్టుబడి పెట్టే పెద్దమనిషి ఊరు రాజాం, ఆడే పిల్లలు మాత్రం భువనేశ్వర్, కలకత్తా, ముంబయి నుంచి. లీగు యాజమాన్యాన్ని ఇందుకు తప్పుపట్టలేము. ఆటగాణ్ణి తయారు చేయడం లీగు పని కాదు. అది సంఘం పని, ప్రభుత్వం పని.

దాతల కాలం

దాత చేతిలో ఆట ఉంటే ఏమవుతుందో విజయనగరానికి తెలిసినంతగా మరొక ఊరికి తెలియదు. పూసపాటి వంశంలోని మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి 'విజ్జీ', 1905లో పుట్టారు. 1930-31లో ఇంగ్లండు జట్టు రాక ఆగిపోతే ఈయన సొంత ఖర్చుతో జట్టు కట్టారు. జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి దేశమంతా, సింహళం కూడా తిప్పారు. ఆ సేవ కాదనలేము. కాని 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయనే నాయకుడయ్యారు. జట్టులో అంతకు మించిన ఆటగాళ్ళు ఉన్నారు. ఆ పర్యటన మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. సొమ్ము పెట్టినవాడికే పగ్గాలన్న పద్ధతికి అది ఉదాహరణగా నేటికీ చెప్పుకుంటారు. తరువాత 1950లలో ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు.

ఆ బోర్డే 1983లో ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి చేతిలో సొమ్ము చాలక లతా మంగేష్కర్ చేత పాట కచేరీ పెట్టించింది. అదే బోర్డు 2023-27 ఐ.పి.ఎల్. ప్రసార హక్కులను 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. తేడా ఎక్కడ వచ్చింది? టెలివిజను. 1993లో ప్రసారాన్ని బయటి సంస్థకు అమ్మడం, దూరదర్శన్‌తో తగవు, 1995లో సుప్రీంకోర్టు తీర్పు. అంతవరకు ఆటను చూపించినందుకు బోర్డే ఎదురు చెల్లించాలన్న మాట వినబడేది. రగ్బీవారు నడవాలనుకుంటున్న బాట ఇదే. కాని వారి దగ్గర టెండూల్కర్ లేడు, సాయంత్రమైతే టి.వి. ముందు కూర్చునే కోట్లాది జనమూ లేరు.

జరిమానా కట్టకపోయి ఉంటే

ఆటల సంఘం ఖజానా ఖాళీ అయితే దెబ్బ ఎవరికి తగులుతుందో బరువులెత్తే మన పల్లెలకు తెలుసు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఇంటింటా బరువులెత్తేవారున్నారనడం అతిశయోక్తి కాదు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి మందు పరీక్షలో పట్టుబడగా సంతోషి పతకం వెండి అయింది.

ఈ రెండు విజయాల నడుమ మన జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సంఘానికి గండం వచ్చింది. 2009లో ఆరుగురు లిఫ్టర్లు నిషిద్ధ మందుల పరీక్షలో దొరికారు. అంతర్జాతీయ సంఘం 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. నాటి మారకంలో రెండు కోట్ల రూపాయలకు పైన. కట్టకపోతే దేశం మొత్తంమీద నిషేధం. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు ముంచుకొస్తున్నాయి. సంఘం పెట్టెలో అంత సొమ్ము లేదు. చివరకు ఆ క్రీడల నిర్వాహక సంఘం ఆదుకుంటే జరిమానా చెల్లించారు. ఢిల్లీలో మన లిఫ్టర్లు 8 పతకాలు గెలిచారు. బంగారం గెలిచిన ఇద్దరిలో ఒకరు మన సరిహద్దు అవతలి బరంపురం కుర్రాడు కాటూలు రవికుమార్. జరిమానా కట్టకపోయి ఉంటే ఏ తప్పూ చేయని ఆ కుర్రాడు ఇంట్లో కూర్చుని పోటీలు టి.వి.లో చూసేవాడు.

ఇది ముందుచూపు లేకపోవడం వల్ల వచ్చిన నష్టం. మందుల పరీక్షలకు, పిల్లలకు వాటి చెడు చెప్పడానికి ముందే కొంత ఖర్చు పెట్టి ఉంటే అంత జరిమానా తప్పేది కాదా?

కబడ్డీ చెప్పే జాగ్రత్త

లీగు వస్తే ఆట బాగుపడుతుందన్న మాట సగమే నిజం. 2014లో ప్రో కబడ్డీ వచ్చింది. పల్లె కుర్రాళ్ళకు లక్షలు వచ్చాయి, కాదనం. కాని లీగు వెలిగిపోతుండగానే జాతీయ కబడ్డీ సమాఖ్య పెత్తనం ఒకే కుటుంబం చేతిలో ఉన్నదన్న కేసు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2018లో కోర్టు ఒక పాలనాధికారిని నియమించవలసి వచ్చింది. లీగు ఖజానా వేరు, సంఘం ఖజానా వేరు. ఒకటి నిండితే రెండవది దానంతట నిండదు. లీగు ఒప్పందంలో సంఘానికి ఏటా ఇంత, అందులో పాఠశాలల మైదానాలకు ఇంత అని రాసుకుంటేనే కింది దాకా చుక్క పడుతుంది.

రగ్బీ లీగు ఇంకా పసిది. జి.ఎం.ఆర్. సంస్థ 2008లో ఢిల్లీ ఐ.పి.ఎల్. జట్టును 8 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నది. పదేళ్ళు గడిచాక 2018లో సగం వాటాను జిందాల్‌వారి జె.ఎస్.డబ్ల్యు.కు అమ్మింది. అంతటి ఓపిక రగ్బీ మీద ఉంటుందా? వ్యాపారి ఓపికకు హద్దు ఉంటుంది. సంఘం మాత్రం లీగు ఉన్నా, పోయినా ఉండవలసినదే.

ఇదిలా ఉండగా జాతీయ క్రీడా పాలన చట్టానికి 2025 ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదం లభించింది. జాతీయ సంఘాలను గుర్తించడానికి ఒక బోర్డు, తగవులు తీర్చడానికి ఒక ట్రిబ్యునల్, ఎన్నికలు చూడడానికి ఒక ప్యానెల్ ఉంటాయి. సంఘాల కార్యవర్గాల్లో పేరున్న క్రీడాకారులకు, మహిళలకు చోటు తప్పనిసరి. మన జిల్లాల పాఠకులకు పనికొచ్చే మాట మరొకటి అందులో ఉన్నది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంఘం ఆ సొమ్ము మేరకు సమాచార హక్కు చట్టం కిందకు వస్తుంది. ఫలానా ఏడు శిక్షణ శిబిరాలకు ఎంత తీసుకున్నారు, ఏ రాష్ట్రంలో ఎంత ఖర్చుపెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని శిబిరాలు పెట్టారు అని ఊళ్ళోని యువజన సంఘమైనా అడగవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము పది రూపాయలు. పోస్టాఫీసులో పోస్టల్ ఆర్డరు దొరుకుతుంది.